మేడమీద పొయ్యక్క

ఈ నేరం మీది. బ్రెడ్డు ఫ్యాక్టరీ నడిపే పెద్దసారూ, మీది. మీ పక్కన కూర్చుని, మీరు ఔనంటే ఔనని తలలూపిన ప్రతివాళ్ళదీ. పని తెలిసిన మనిషిని పట్టుకుని, చూసే కళ్ళని తీసుకెళ్ళి మేడమీద అద్దాల గదిలో కూర్చోబెట్టారు. చేసే చేతుల్ని కింద యంత్రాల మధ్య వదిలేశారు. ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరి మధ్య గీత గీసి, దానికి పద్ధతి అని పేరు పెట్టుకున్నారు. ఆ పద్ధతికి ఒక ఆడమనిషి వేళ్ళు బలయ్యాయి. ఇప్పుడేమో అసలేం జరిగిందో మాకు తెలియదంటున్నారు. అయితే మీ గురించి కూడా పరాయివాళ్ళ గురించి చెప్పినట్టే చెబుతాను, వినండి.

ఆ ఫ్యాక్టరీలో ఆమెని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ పొయ్యక్కే. జుట్టు నల్లగా ఉన్నప్పుడు ఓవెన్ దగ్గర పనిలో చేరి, అది నెరిసేదాకా అక్కడే ఉండి, ఆ వరస మొత్తానికి ఇన్‌చార్జి అయింది. వరస అంటే పొడుగాటి షెడ్డులో ఈ చివర పిండి కలపడం దగ్గర మొదలై ఆ చివర కాలిన బ్రెడ్డు బయటపడేదాకా ఆగకుండా సాగే పని. మధ్యలో పిండిని ముద్దలుగా కోసే యంత్రం, ఆ ముద్దల్ని అదిమి చుట్టే రోలరు, రేకు అచ్చులు, తర్వాత ఓవెన్ నోరు. ఎక్కడ ఏది ఆగినా వెనక పిండి పొంగిపోతుంది, ముందు ఓవెన్లో ఉన్నది మాడిపోతుంది. అందుకని మొత్తం వరసని ఆపడానికి ఒకే ఒక్క ఎర్ర మీట. అది ఇన్‌చార్జి కూర్చునే ఇనపపీట పక్కన ఉంటుంది. ఇన్‌చార్జి తప్ప దాన్ని ముట్టుకునే హక్కు ఇంకెవరికీ లేదు.

లోపల హోరుకి పక్కమనిషి మాట పక్కమనిషికి వినపడదు. అందుకని పొయ్యక్క ఒక అలవాటు చేసింది. ఎవరికి ఇబ్బంది వచ్చినా పిడికిలి పైకెత్తాలి. పక్కనున్నవాళ్ళు అది చూసి తమ పిడికిలి ఎత్తాలి. అలా పిండి అంటుకున్న తెల్లటి పిడికిళ్ళు ఒకదాని వెనక ఒకటి లేచి, ఇనపపీట దగ్గరికి వచ్చేసేవి. పొయ్యక్క ఎందుకని ముందు అడిగేది కాదు. మీట లాగేది, తర్వాత అడిగేది. ఊరికే ఎత్తినవాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టేది. అయినా మళ్ళీ ఎత్తినప్పుడు మళ్ళీ లాగేది. ఆ తిట్లు తిన్నవాళ్ళే ఆమె కోసం ప్రాణం పెట్టేవాళ్ళు.

అప్పట్లో మేడమీదవాళ్ళంటే ఆమెకి చులకన. స్టాఫువాళ్ళు అప్పుడప్పుడు తెల్ల చొక్కాలతో కిందికి దిగి, ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని, ఇది ఇలా ఉంటే బాగుంటుందేమో, అది అలా చేస్తే ఎలా ఉంటుందో అని నసిగి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళకి మేడమీద పిట్టలని పేరు పెట్టింది. కూసి ఎగిరిపోతాయి, గూడు కట్టేది మాత్రం మనమే అనేది. తీరా ఆమెనే పిట్టని చేశారు.

పెద్దసారు పిలిచి, నీ అనుభవం ఒక్క వరసకే పరిమితం కాకూడదమ్మా, ఫ్యాక్టరీ మొత్తానికి అందాలి, భద్రతకీ నాణ్యతకీ నిన్ను సలహాదారుగా వేస్తున్నాం అన్నాడు. కుర్చీ మారింది, హోదా పెరిగింది. ఎవరి కింద ఎవరో చూపించే గోడమీది పటంలో పెద్దసారు పెట్టెలోంచి కొత్త ఇన్‌చార్జి పెట్టెలోకి నిండుగీత ఒకటి దిగింది. ఆమె పెట్టె పక్కగా ఎక్కడో ఉంది. దాని నుంచి కిందికి చుక్కల గీత. చుక్కలెందుకని అడిగితే, మీరు స్టాఫమ్మా, లైను కాదు, మీరు చెప్పొచ్చు గానీ చేయమనకూడదు అని వివరించారు. లైనువాడు ఆపమంటే ఆగుతుంది, నడపమంటే నడుస్తుంది, ఏది చెడినా మెడ అతనిది. స్టాఫు మనిషి చూడొచ్చు, రాయొచ్చు, హెచ్చరించొచ్చు. మెడమీదికి ఏదీ రాదు, చేతిలోకీ ఏదీ రాదు.

ఆ రోజు కింద టీ దగ్గర ఇదే కబురు. రోలరు దగ్గర పనిచేసే ఒకామె ఉంది, పొద్దున వచ్చింది మొదలు సాయంత్రం వెళ్ళేదాకా నోరు మూయదు, ఆ హోరులో తన మాట ఎవరికీ వినపడకపోయినా మాట్లాడుతూనే ఉంటుంది. ఆమెని అందరూ రేడియో అంటారు. ఎవరో పొయ్యక్క పైకి పోయిందట అనగానే రేడియో కసిరింది.

"పైకి పోయిందనకండే, మనిషి బతికే ఉంది. మేడెక్కిందనండి."

అందరూ నవ్వారు. పొయ్యక్కా నవ్వింది. మెట్లెక్కుతూ మాత్రం ఒక్కో మెట్టు దగ్గరా వెనక్కి చూసింది.

కొత్త ఇన్‌చార్జి ఎవరో కాదు, ఆమె సొంత తమ్ముడు. చదువు అబ్బక తిరుగుతుంటే తనే చెవి పట్టుకుని తీసుకొచ్చి పిండి దగ్గర నిలబెట్టింది. ముద్దని చేత్తో నొక్కి ఎంత నానిందో చెప్పడం, ఓవెన్ ముందు నిలబడి వాసనతో లోపల ఎంత కాలిందో పట్టుకోవడం, అన్నీ అక్క దగ్గర నేర్చుకున్నాడు. తన పీట తమ్ముడికి దక్కినందుకు ఆమెకి గర్వంగానే ఉంది. కాకపోతే ఆ పీట వెనక గోడకి తన వీపు రాసుకుని రాసుకుని సున్నం పోయిన చోటొకటి ఉంది. ఇప్పుడు అక్కడ తమ్ముడి వీపు ఆనుతోందని గుర్తొచ్చినప్పుడల్లా, ఇల్లు అమ్ముకుని అదే వీధిలో అద్దెకున్నట్టుగా ఉండేది.

మేడమీద గదికి ఒక గోడంతా అద్దమే. అక్కణ్ణుంచి షెడ్డు మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. కింద ఉన్నన్నాళ్ళూ ఆమె ఎప్పుడూ ఇంత బాగా చూడలేదు. కానీ హోరు లేదు. వేడి లేదు. వాసన లేదు. అడక్కుండానే టీ బల్లమీదికి వచ్చేది, అది చల్లారేదాకా ఆమె అద్దం దగ్గరే నిలబడి ఉండేది. కింద ఓవెన్ వెనక నిలబడి, చేతిలో గ్లాసు కాలుతుంటే కొంగుతో పట్టుకుని, రేడియో చెప్పే సోది వింటూ తాగిన టీ వేరు. ఇంటికెళ్ళి తల దువ్వుకుంటే దువ్వెనకి పిండి అంటేది కాదు. శుభ్రంగా ఉన్న ఆ దువ్వెనని చూస్తే ఆమెకి ఏడుపొచ్చేది. ఇదేం పిచ్చి అనుకునేది. జీతం పెరిగి, నడుంనొప్పి తగ్గి, కుర్చీకి మెత్త వచ్చిన మనిషి ఏడవడమేమిటి? ఎవరికి చెప్పుకున్నా నవ్వుతారు.

ఆమెకి కావలసింది ఒక్కటే. మళ్ళీ కిందికెళ్ళాలి. ఆ పీటమీద కూర్చుని, తన మాటకి ఒక యంత్రం ఆగడం, తన మాటకి కదలడం ఒంటికి తెలియాలి.

అద్దంలోంచి ఆమె మొదట చూసింది రోలరు మీది ఇనప జాలీ. ఆ జాలీ ఎత్తితే రోలరు దానంతట అదే ఆగిపోవాలి, దానికొక చిన్న మీట ఉంది. రోజుకిన్ని బ్రెడ్లని పైవాళ్ళు పెట్టే టార్గెట్టు పెంచిన తర్వాత ఎవరో ఆ చిన్న మీటని తీగతో కట్టేశారు, ఎత్తినా రోలరు తిరిగేలాగా. తడివాతావరణంలో పిండి రోలరుకి అంటుకుంటుంది. ప్రతిసారీ ఆపి గీకితే టార్గెట్టు అందదు. తిరుగుతుండగానే జాలీ ఎత్తి చెక్కతో గీకేస్తే పనైపోతుంది.

ఆ తీగ తీసేయాలని పొయ్యక్క సలహా ఇచ్చింది. పద్ధతి ప్రకారం అది పెద్దసారుకి వెళ్ళింది. ఆయన దాన్ని పరిశీలించమని తమ్ముడికి పంపాడు. టార్గెట్టు తగ్గిస్తే తీస్తానని తమ్ముడు జవాబిచ్చాడు. టార్గెట్టు సంగతి భద్రతవాళ్ళది కాదు, అది వేరే విషయం అని పెద్దసారు తిప్పికొట్టాడు. సలహా గడపలన్నీ తిరిగి మళ్ళీ ఆమె బల్లమీదికే వచ్చి కూర్చుంది. తీగ మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి ఇంటికి నడుస్తుండగా ఆమె నేరుగా అడిగేసింది. వాళ్ళది ఒకే ఇల్లు. ముందు రెండు గదులు తమ్ముడి కుటుంబానివి, వెనక గది అక్కది, మధ్యలో వంటిల్లు అందరిదీ. పొద్దునా సాయంత్రం కలిసి నడవడం, దారంతా పిండి గురించి, ఓవెన్ గురించి కబుర్లు చెప్పుకోవడం అలవాటు. ఆ రోజు తమ్ముడు నడక ఆపి ఆమెవైపు తిరిగాడు.

"నువ్వు చెప్పేది తప్పని నేననలేదక్కా. కానీ నువ్వు చెప్పేసి పైన కూర్చుంటావు. సాయంత్రానికి బ్రెడ్డు తగ్గితే నుంచోబెట్టి అడిగేది నన్ను. సలహాతోపాటు ఆ తిట్లలో సగం కూడా నువ్వు తీసుకుంటావా?"

"ఇవ్వమను, తీసుకుంటాను."

"నీకెందుకిస్తారు? నువ్వు స్టాఫువి."

అన్నది మామూలుగానే. తగలడం మాత్రం మామూలుగా తగల్లేదు. మిగతా దారి ఎవరి చెప్పుల చప్పుడు వాళ్ళు వింటూ నడిచారు.

తర్వాత ఒక మబ్బు రోజున ఒక పని జరిగింది. పొయ్యక్క అద్దం దగ్గర నిలబడి ఉంది. కింద రేడియో జాలీ ఎత్తి రోలరు మీదికి వంగింది. చెయ్యి మోచేతి దాకా కనిపించలేదు. పొయ్యక్క ఆలోచించలేదు. పిడికిలి దానంతట అదే లేచి అద్దానికి తగిలింది. రేకు అచ్చుల దగ్గరున్న పాతకాపు ఒకడు అదే సమయానికి తల ఎత్తి చూశాడు. పైన ఉన్నది పొయ్యక్క, ఎత్తింది పిడికిలి. అతను ఎత్తాడు. పక్కవాడు ఎత్తాడు. పిడికిళ్ళు వరసగా లేచి ఇనపపీట దగ్గరికి వచ్చాయి. తమ్ముడు, అక్క నేర్పినట్టే, ఎందుకని అడక్కుండా మీట లాగాడు.

తీరా చూస్తే రేడియోకి ఏమీ కాలేదు. ఆమె తలగుడ్డ జారి రోలరు అవతల పడితే వంగి తీసుకుంటోంది. చెయ్యి రోలరుకి బాగా ఎడంగా ఉంది. పైనుంచి చూస్తే దూరాలు తెలియవు, దగ్గరవీ దూరానివీ అతుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ఇంతలో ఓవెన్లో ఉన్నదంతా మాడింది. మాడు వాసన మేడమీదికి కూడా వచ్చింది. అన్నాళ్ళుగా ఆ గదిలోకి రాని వాసన, వచ్చిన మొదటిసారి అలా వచ్చింది.

పెద్దసారు ముందు తమ్ముణ్ణి పిలిచాడు. వరసని నడుపుతున్నది నువ్వా, మీ అక్కా అని అడిగాడట. తర్వాత ఆమెని పిలిచాడు. గొంతు పెంచలేదు. మర్యాదగానే మాట్లాడాడు, అదే ఇంకా నొప్పి.

"సలహా ఇవ్వమ్మా, ఎంతైనా ఇవ్వు. ఆజ్ఞ మాత్రం ఇవ్వకు. ఏదైనా కనిపిస్తే మీ తమ్ముడికి ఫోన్ చెయ్యి. లైనుని దాటి కిందివాళ్ళతో నీకు పనిలేదు."

మర్నాడు తమ్ముడు అందర్నీ నిలబెట్టి, ఇక పిడికిళ్ళు ఉండవని చెప్పాడు. ఎవరికి ఏం వచ్చినా తన దగ్గరికి వచ్చి నోటితో చెప్పాలన్నాడు. అతన్ని మాత్రం ఏమనగలం? పిడికిలి ఎక్కణ్ణుంచి మొదలైందో తెలియకుండా మీట ఎలా లాగుతాడు? ఇద్దరు నడిపితే వరస నడవదు, అది పొయ్యక్కకీ తెలుసు. తను కింద ఉన్నప్పుడు ఏ మేడమీద పిట్టైనా ఇలా చేసి ఉంటే ముక్కుకి పెట్టుకున్న గుడ్డ లాగి మరీ పంపేది.

అది మొదలు తమ్ముడు పొద్దున ముందే బయల్దేరడం మొదలుపెట్టాడు. సాయంత్రం ఆలస్యంగా వచ్చేవాడు. వంటింట్లో ఒకరు తిని లేచాక ఒకరు కూర్చునేవారు. మాటలన్నీ మరదలి మీదుగా నడిచేవి. వెనక గది పైకప్పు కారుతోందని ఆమె చెబితే మరదలు వెళ్ళి చెప్పేది, రేపు చూస్తానని అతను అన్నది మరదలు వచ్చి చెప్పేది. ఒకరోజు మరదలు గరిటె చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"వదినా, నేను లైనా, స్టాఫా? అది కాస్త తేల్చి చెప్పండి. ఇటు మాట అటు, అటు మాట ఇటు మోయలేక చస్తున్నాను. జీతమైనా ఇవ్వండి, లేకపోతే మీరిద్దరూ నోళ్ళైనా విప్పండి."

పొయ్యక్కకి నవ్వొచ్చింది. ముందు గదిలోంచి తమ్ముడి నవ్వు కూడా వినిపించింది. ఇద్దరూ ఒకేసారి నవ్వి ఒకేసారి ఆగారు. లేచి వెళ్ళి గుమ్మం దాటి అతని ఎదురుగా కూర్చుందామనుకుంది. లేవలేదు. వాడే వస్తాడులే అనుకుంది. అవతల అతనూ అదే అనుకుని ఉంటాడు.

పక్కగదిలో ఉన్న మనిషికోసం ఎంత తపించాలో అంతా తపించింది ఆమె. నడుస్తుంటే పక్కన ఆ అంగల చప్పుడు లేదు. ఇవాళ పిండి బాగా సాగిందక్కా అనే మాట లేదు. అద్దంలోంచి చూస్తే తమ్ముడు కనిపించేవాడు, పీటమీద కూర్చుని, గోడకి వీపు ఆనించి. ఒక్కోసారి తల ఎత్తి పైకి చూసేవాడు. ఆమె చెయ్యి ఎత్తబోయేది. చెయ్యి ఎత్తడం నిషేధమని గుర్తొచ్చి దించేసేది.

మళ్ళీ ముసురు పట్టింది. గాలిలో తేమకి పిండి జిగురులా సాగుతోంది. రోలరు మాటిమాటికీ పట్టేస్తోంది. రేడియో మాటిమాటికీ జాలీ ఎత్తి గీకుతోంది. పొయ్యక్క పైనుంచి చూస్తూనే ఉంది. రేడియో వంగింది. చెయ్యి కనిపించలేదు.

ఈసారి పొయ్యక్క పిడికిలి లేవలేదు. పోయినసారీ ఇలాగే కనిపించింది, పైనుంచి చూస్తే అన్నీ ఇలాగే ఉంటాయి అని తనకి తనే నచ్చజెప్పుకుంది. అయినా మనసొప్పక, పద్ధతి ప్రకారం ఫోన్ తీసుకుంది. కింద పీట పక్కన ఫోన్ మోగింది. పీటమీద ఎవరూ లేరు. తమ్ముడు ఓవెన్ అవతలి చివర ఉన్నాడు. ఆ హోరులో ఫోన్ మోగడం ఎవరికి వినిపిస్తుంది? అద్దం వెనక నిలబడి, చెవి దగ్గర ఆ మోత వింటూ, ఆమె రేడియో నోరు తెరవడం చూసింది. రేడియో నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అందుకని పక్కనున్నామెకి కూడా వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక పక్కామె పిడికిలి ఎత్తింది. అటుపక్కవాడు చూసి, ఎత్తబోయి, ఇప్పుడది లేదు కదా అని ఆగిపోయాడు. మీట ముట్టుకునే హక్కు లేక తమ్ముడికోసం పరుగెత్తాడు. షెడ్డు ఆ చివరిదాకా పరుగెత్తాడు. తమ్ముడు అక్కణ్ణుంచి ఈ చివరిదాకా పరుగెత్తి వచ్చి మీట లాగాడు.

ఆ రెండు పరుగులు పూర్తయ్యేదాకా రోలరు తిరుగుతూనే ఉంది.

పొయ్యక్క మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. వచ్చేసరికి తమ్ముడు రోలరు బోల్టులు విప్పుతున్నాడు. పిండి జిగురుకి పానా జారిపోతోంది. ఆమె ఎదురుగా కూర్చుని రెండోవైపు బోల్టు పట్టుకుంది. అన్నాళ్ళకి కలిసి చేసిన పని అది.

ఆసుపత్రిలో రేడియో చేతికి బొద్దుగా కట్టు కట్టారు. చూపుడువేలు, మధ్యవేలు పోయాయి. పొయ్యక్క మంచం పక్కన కూర్చుంది. మాటలు మొదలుపెట్టింది రేడియోనే.

"పైనుంచి చూశావా అక్కా?"

"చూశాను."

"మరి?"

"ఫోన్ చేశాను."

రేడియో నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు. నిజంగానే నవ్వొచ్చి నవ్వింది, దాంతో చెయ్యి కదిలి, నొప్పికి మొహం ముడుచుకుంది.

"నా చెయ్యి రోలరు లాక్కుంటుంటే నువ్వు ఫోన్ చేశావన్నమాట. అవతల ఫోన్ ఎత్తుంటే ఏమని చెప్పేదానివి? కాస్త పరిశీలించమనా?" గొంతు తగ్గించి అంది. "మీ తమ్ముణ్ణి ఏమనకు. బోల్టు విప్పుతూ ఏడ్చాడు. నాకు కనిపించింది."

మర్నాడు పొద్దున్నే పెద్దసారు పొయ్యక్కని పిలిపించాడు. గదిలో ఇంకా ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదమ్మా అన్నాడు. పైనుంచి అడుగుతారు, ఇంకా పైనుంచి అడుగుతారు. తీగ తీయమని నువ్వు సలహా ఇచ్చావు, లైను ఇన్‌చార్జి వినలేదు, పిడికిలి పద్ధతి తీసేసింది కూడా అతనే, ఇందులో అబద్ధం ఏమీ లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పు చాలు అన్నాడు. చివర్లో, బల్లమీద వేలితో గీతలు గీస్తూ, అసలు సంగతి బయటపెట్టాడు.

"నువ్వు చెబితే రేపటినుంచి వరస మళ్ళీ నీదే. నిన్ను పైకి తీసుకురావడం మా పొరపాటే. నీ చోటు అదే."

నీ చోటు అదే. అన్నాళ్ళుగా ఎవరైనా ఆ మాట అంటే బాగుండునని ఆమె ఎదురుచూసింది. విన్న క్షణంలో ఒళ్ళు మోసం చేసింది. ముక్కుకి కాలుతున్న బ్రెడ్డు వాసన తగిలింది, వీపుకి గోడ తగిలింది, అరచేతికి ఎర్ర మీట తగిలింది. ఔను అనే మాట నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. అడిగినవాడు అబద్ధం కూడా చెప్పమనలేదు. మధ్యాహ్నందాకా ఆలోచించుకుంటానని లేచింది.

షెడ్డులోకి వెళ్ళింది. వరస ఆగి ఉంది, పనివాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ కూర్చుని ఉన్నారు. హోరు లేని ఆ షెడ్డు ఆమెకి కొత్త. ఓవెన్ ఇంకా పూర్తిగా చల్లారలేదు, గోడకి చెయ్యి ఆనిస్తే గోరువెచ్చగా తగిలింది. అలాగే నిలబడిపోయింది. పిండి బస్తాల మీద తమ్ముడు కూర్చుని ఉన్నాడు. ఆమె వచ్చినట్టు తెలిసినా తల ఎత్తలేదు.

"నాకూ చెప్పారు అక్కా, నీకు ఏం చెప్పబోతున్నారో. ఒప్పుకో. పీట నీదే. దానిమీద కూర్చున్నన్నాళ్ళూ నాకు నీ చెప్పులు వేసుకుని తిరుగుతున్నట్టే ఉంది."

"నువ్వేమైపోతావు?"

"ఏమో. ఇంకెక్కడన్నా పిండి కలుపుతాను. నేర్పింది నువ్వేగా, ఎక్కడైనా బతుకుతాను." బస్తా మీది పిండి దులుపుతూ అన్నాడు. "నువ్వు పైకెళ్ళాక రోజూ అద్దంవైపు చూసేవాణ్ణి. పీట దగ్గర్నుంచి వెలుతురు పడి ఏమీ కనిపించేది కాదు. నువ్వున్నావో లేదో కూడా తెలిసేది కాదు. ఉండి ఉంటావులే అని చూసేవాణ్ణి."

ఆమె వచ్చి పక్క బస్తామీద కూర్చుంది. ఈ వేడి పక్కన ఎంతసేపైనా కూర్చోవాలని ఉంది. ఈ పీట కావాలి. తమ్ముడు కావాలి. రెండూ కలిపి ఇవ్వడం వాళ్ళ పద్ధతిలో లేదు. ఒకటి తీసుకుంటే రెండోది పోతుంది. ఇద్దరిలో ఎవరు పీటమీద ఉన్నా, ఎవరు అద్దం వెనక ఉన్నా, ఎర్ర మీట రోలరుకి అంత దూరంలోనే ఉంటుంది, రేడియో చోటులో ఇంకొకామె వచ్చి నిలబడుతుంది, టార్గెట్టు పెట్టినవాడు పెట్టిన చోటే కూర్చుంటాడు. తను ఔనంటే రేపు ఆ మీట పక్కన గర్వంగా కూర్చుంటుంది, అంతే తేడా.

"టార్గెట్టు ఎవరు పెంచారు?" అని అడిగింది తమ్ముణ్ణి, తెలిసిన సంగతే అయినా.

"నువ్వు కాదు, నేను కాదు."

"తీగ కట్టింది?"

తమ్ముడు రోలరువైపు చూస్తూ చెప్పాడు. "కట్టమని ఎవరూ అనలేదు. టార్గెట్టు అందకపోతే ఏమవుతుందో మాత్రం రోజూ అన్నారు. కట్టించింది నేనే."

"అది నువ్వు ఒప్పుకుంటావా, నలుగురిలో?"

"ఒప్పుకుంటాను."

"అయితే లే. నేను ఒక్కదాన్నే వెళ్తే సలహా అంటారు. నువ్వు ఒక్కడివే వెళ్తే జవాబు చెప్పుకోవడానికొచ్చావంటారు. ఇద్దరం వెళ్దాం."

వాళ్ళు లేవగానే అచ్చుల దగ్గరి పాతకాపు లేచాడు. రోలరు దగ్గరి పక్కామె లేచింది. పిండి కలిపేవాళ్ళు, కోసేవాళ్ళు, ఓవెన్ నోటి దగ్గరివాళ్ళు ఒక్కొక్కరే లేచారు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. మేడమెట్ల మీద అంతమంది చెప్పులు ఎప్పుడూ పడలేదు. పట్టినంతమంది పెద్దసారు గదిలోకి వచ్చారు, మిగిలినవాళ్ళు మెట్లమీదే నిలబడ్డారు.

పెద్దసారు కుర్చీలో వెనక్కి జరిగాడు. పొయ్యక్కని మాత్రం కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. ముందు తమ్ముడు చెప్పాడు, తీగ తనే కట్టించానని, ఎందుకు కట్టించాడో కూడా. పైనుంచి చూసీ పిడికిలి ఎత్తలేకపోయానని ఆమె చెప్పింది, ఎందుకు ఎత్తలేకపోయిందో కూడా. పెద్దసారు పక్కనున్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇంతకీ వరస తీసుకుంటున్నావా లేదా అని అడిగాడాయన. ఆ మాటకి ఆమె కళ్ళు ఒక్కసారి ఆ గదికీ ఉన్న అద్దంలోంచి కిందికి పోయాయి. ఖాళీ పీట కనిపించింది. చూపు తిప్పుకోవడానికి కాస్త సమయం పట్టింది.

"నాకు వరస వద్దు. మా తమ్ముడి మెడమీద కాలు పెట్టి దిగే మెట్లు నాకొద్దు. మేం అడిగేది జరిగేదాకా ఓవెన్ వెలగదు."

ఇది సలహానా, బెదిరింపా అని అడిగాడు పెద్దసారు. పటంలో నాకు చుక్కలు గీసిందే మీరు, ఏ పేరు పెట్టుకుంటారో మీ ఇష్టం అంది ఆమె. తమ్ముడు ఒక అడుగు ముందుకేసి, ఓవెన్ వెలిగించమని చెప్పాల్సింది లైను ఇన్‌చార్జి, అది నేను చెప్పను అన్నాడు.

అప్పుడు పొయ్యక్క, కింద హోరులో అరిచి అరిచి గట్టిపడ్డ గొంతుతో, అడగాల్సింది అడిగింది.

"ప్రతి యంత్రం పక్కనా, దాని ముందు నిలబడ్డ మనిషికి చెయ్యి చాపితే అందేలా ఆపే మీట పెట్టించండి. ఎవర్నీ అడక్కుండా ఆపే హక్కు వాళ్ళకివ్వండి. ఆపినందుకు ఎవర్నీ ఈ గదికి పిలవకండి, ఒకవేళ పొరపాటున ఆపినా సరే. టార్గెట్టు తగ్గించండి, అది ఏ టార్గెట్టో మీకు తెలుసు. రేడియో చెయ్యి మానేదాకా ఆమె జీతం ఆగకూడదు, మానాక ఆమె పని ఆమెకుండాలి. జాలీకి కట్టిన తీగ మీరే కిందికి దిగి, అందరి ముందూ, మీ చేత్తో తెంచండి. మీటలు బిగించే ఎలక్ట్రీషియన్ మెట్ల దగ్గరే ఉన్నాడు. రేపు కాదు, మీటింగ్ పెట్టాక కాదు. ఇప్పుడే పిలవండి."